చేతిసంచిలో మందు

మధ్యాహ్నం షిఫ్టు భోజనాలు ముగిసి, సుంకమ్మ పెద్ద తపేలాలు కడిగి బోర్లిస్తున్నప్పుడు రొంటిన దోపుకున్న ఫోను టింగుమంది. పెనుకొండ బయట కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఆమెకు నాలుగేళ్ళుగా పని. తడి చేతులు పైటకు తుడుచుకుని చూసింది. కూతురు హరిత ఆడే హాకీ జట్టు గ్రూపులో కోచ్ సుచిత్ర మేడమ్ ఏదో పొడుగ్గా రాసి పెట్టింది. సుంకమ్మ ఏడో తరగతి దాకా చదివింది. గోడకు ఆనుకుని, వేలు కిందికి జరుపుకుంటూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

ధర్మవరం జట్టు పిల్లలు పద్దెనిమిది మంది రాంచీలో జరిగే టోర్నమెంటుకు పోతున్నారు. రైల్లో అయితే పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. పరీక్షలు దగ్గర పడ్డాయి. అందుకని ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి అశ్వత్థనారాయణ శెట్టి గారు అందరికీ విమానం టికెట్లు తీయించారు. ఆ పిల్లల్లో ఒక్కరు కూడా ఇంతవరకు విమానం ఎక్కినవాళ్ళు కారు. కాబట్టి మేడమ్ అన్నీ విడమరిచి రాసింది. మనిషికి పెద్ద బ్యాగు ఒకటి, చేతిసంచి ఒకటి. పెద్ద బ్యాగు కౌంటర్లో ఇచ్చేస్తే విమానం అడుగున వేసుకుపోతారు, దిగిన తర్వాత ఇస్తారు. చేతిసంచి మనతోబాటు సీటు దాకా వస్తుంది, ఏడు కేజీలు దాటకూడదు. హాకీ కర్రలు చేత్తో పట్టుకుని ఎక్కనివ్వరు, అవి పెద్ద సామానుతోనే పోవాలి. పవర్ బ్యాంకులు పెద్ద బ్యాగులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. ఊరగాయలు చేతిసంచిలో వద్దు. చిట్టచివర ఇట్లా ఉంది: కత్తెరలు, బ్లేడ్లు, చాకులు, సూదులు చేతిసంచిలో పెట్టుకోవద్దు, మెషిన్లో కనిపిస్తే అందరి ముందరా సంచి విప్పిస్తారు.

సూదులు అన్న మాట దగ్గర సుంకమ్మ వేలు ఆగిపోయింది.

హరితకు పద్నాలుగేళ్ళు. రోజూ రైల్లో ధర్మవరం పోయి జట్టులో ముందువరుసలో ఆడుతుంది. ఆ పిల్ల కర్రకు బంతి దొరికిందంటే ఆపడం కష్టమని పేరు. ఆ పిల్లకు చక్కెర జబ్బు ఉందనీ, రోజుకు నాలుగుసార్లు పొట్టమీదో తొడమీదో ఇన్సులిన్ సూది వేసుకోకపోతే తిన్న తిండి ఒంటబట్టదనీ ఇంట్లో ముగ్గురికీ, ధర్మవరంలో డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు.

మూడేళ్ళ కిందట ఎండాకాలంలో పిల్ల చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది. అయినా రోజురోజుకూ పుల్లలాగా చిక్కిపోయింది. ఎండల వల్ల అనుకున్నారు. ఒకరోజు బడిలో తెలివి తప్పి పడిపోతే అనంతపురం ఆసుపత్రికి ఎత్తుకుపోయారు. తొమ్మిది రోజులు అక్కడే. మందు ఎంత ఎక్కించాలి, సూది ఎట్లా పట్టుకోవాలి, ఏ వేళకు ఏం పెట్టాలి అన్నీ డాక్టర్లు నేర్పించారు. డాక్టర్లు చెప్పని మాట ఒకటి పక్క మంచం దగ్గర ఉన్న తిప్పమ్మ అనే పెద్దావిడ చెప్పింది.

"ఆడబిడ్డ గదమ్మా. ఈ సంగతి బయట పెడితివంటే రేపు ఎవురు చేసుకుంటారు? బడిలో పిల్లోళ్ళు పక్కన గూడా కుచ్చోరు."

ఇంటికి తిరిగి వచ్చే బస్సులో సుంకమ్మ కూతురి చేయి తీసుకుని తన తలమీద పెట్టించుకుంది. "ఎవురికీ చెప్పొద్దు తల్లీ. నా మీద ఒట్టు."

పదకొండేళ్ళ పిల్ల ఆ ఒట్టును పెద్దవాళ్ళకన్నా గట్టిగా పట్టుకుంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దింపి, మందు సీసాలు దానిలో పెట్టేవాళ్ళు. ఎవరైనా అడిగితే పెరుగు పులవకుండా అని చెప్పేవాళ్ళు. ధర్మవరం గ్రౌండులో హరిత బాత్రూములోకి పోయి గొళ్ళెం పెట్టుకుని సూది వేసుకునేది. గ్లూకోజు బిళ్ళలు మేజోళ్ళలో దోపుకుని ఆడేది. పోయిన వేసవిలో ఒకసారి ఆట మధ్యలో చేతులు వణికి కూలబడిపోయింది. ఎండదెబ్బ అని తనే చెప్పింది. అందరూ నమ్మారు.

ఆ సాయంత్రం హరిత ధర్మవరం నుంచి రైలు దిగి ఇంటికి వస్తూనే గడపలో బూట్లు విప్పుతూ అడిగింది.

"మా, మేడమ్ మెసేజు చూసినావా?"

"చూసినా. సూదులు వద్దంట గదా."

"చేతిసంచిలో వద్దంట. పెద్ద బ్యాగులో పెట్టుకోవచ్చు. మందు, సూదులు అన్నీ సాక్సుల్లో చుట్టి అడుగున పెట్టేస్తా. ఎవురికీ కనపడదు."

అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్న పిల్ల ముఖం వెలిగిపోతోంది. సుంకమ్మకు మాత్రం మనసొప్పలేదు. మందును బిడ్డకు అంతదూరంగా ఎప్పుడూ పెట్టింది లేదు. "ఆదివారం డాక్టరు దగ్గరికి పోతాం గదా. ఒక మాట అడుగుదాంలే" అంది.

ధర్మవరంలో డాక్టర్ గంగాధర క్లినిక్ మగ్గాల వీధి చివర ఉంటుంది. ఆదివారమైనా వీధి పొడవునా మగ్గాల చప్పుడే. ఆయన హరిత రాసుకొచ్చిన నోటుపుస్తకం తిరగేసి, చక్కెర అంకెలు బాగున్నాయని మెచ్చుకున్నాడు. పెద్ద బ్యాగు సంగతి విని మాత్రం కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఎవరు చెప్పినారు నీకు అట్ల పెట్టమని? విమానం అడుగున చలి ఎంతుంటాదో మనకు తెలీదు. మందు గడ్డకట్టిందంటే ఇంక పనికిరాదు. మళ్ళ కరిగినాక చూసేదానికి అట్లే ఉంటాది, పని మాత్రం చెయ్యదు. పైగా ఆ బ్యాగు ఇంకో ఊరికి పోయిందనుకో, రాంచీలో దిగి ఏం చేస్తావు? మందు, సూదులు, టెస్టు మిషను, తినేదానికి తీపి, ఇవన్నీ చేతిసంచిలో నీ కాళ్ళ దగ్గరే ఉండాల."

"సూదులు ఉండకూడదని రాసినారు సార్" అంది హరిత మెల్లగా.

"ఊరికే సూదులు పెట్టుకోకూడదు. మందు సూదులకు డాక్టరు కాగితముంటే పోనిస్తారు. నేను రాసిస్తా. దాచిపెట్టుకుని పోవద్దు. సంచి మెషిన్లో పెట్టకముందే, నా దగ్గర ఇది ఉండాది సార్ అని నువ్వే చెప్పు. భయమేం లేదు."

ఆయన అప్పటికప్పుడు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. కాగితం మీద హరిత పేరు, వయసు, దాని కింద జబ్బు పేరు ఉన్నాయి. హరిత దాన్ని ఒకసారి చదివి నాలుగు మడతలు పెట్టింది. నోటుపుస్తకం మధ్యలో దోపేసింది.

పెనుకొండకు పోయే రైలు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం చివర బల్లమీద ఇద్దరూ కూర్చున్నారు. సుంకమ్మ బొరుగుల పొట్లం విప్పి ముందర పెట్టినా హరిత ముట్టుకోలేదు.

"నేను పోను మా."

"యాడికి?"

"రాంచీకి. నేను పోను."

"ఏమిటికి పోవు?"

"పద్దెనిమిది మందిమి లైన్లో నిలబడతాం. నా సంచి విప్పుతారు. సూదులు తీసి టేబులు మీద పెడతారు. అంతా చూస్తారు. తెలిసినాక మేడమ్ నన్ను ఆడిస్తాదా? రోగముండే పిల్లను ఎవురు ఆడిస్తారు?"

"అట్లేం గాదులే."

"నువ్వే గదా మా చెప్పింది. తెలిస్తే పక్కన గూడా కుచ్చోరని నువ్వే చెప్పినావు."

ఆ మాటలో కోపం లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. సుంకమ్మ బొరుగుల పొట్లం మళ్ళీ చుట్టేసింది. ఆ మాట తనది కూడా కాదు. ఏ ఊరో ఏమో తెలియని ముసలావిడ ఆసుపత్రిలో అన్న మాట. దాన్ని తాను బస్సులో ఇంటిదాకా మోసుకొచ్చి బిడ్డకు అప్పగించింది. మూడేళ్ళుగా ఈ పిల్ల ఎక్కడికి పోయినా ముందు బాత్రూముకు గొళ్ళెం ఉందో లేదో చూసుకుంటోంది. తాను కాపాడుతున్నాననే అనుకుంది.

"హరితా, ఇట్ల చూడు" అంది. "ఆ పొద్దు నాకు శానా భయమేసింది. నీకు ఏమైతాదో అని ఒక భయం. ఊర్లో ఏమంటారో అని ఇంకో భయం. ఆ రెండోది నాది. నీది గాదు. దాన్ని తీసి నీ నెత్తిన పెట్టినా. తప్పు చేసినా తల్లీ."

హరిత తల తిప్పి చూసింది. అమ్మ నోట అట్లాంటి మాట ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు.

"ఒట్టు నేనే పెట్టించినా గదా, నేనే తీసేస్తాండా. నాకేం గాదు."

రైలు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. సుంకమ్మ లేవబోతే హరిత కొంగు పట్టుకుంది.

"నువ్వే చెప్పు మా. మేడమ్‌కి. నాకు నోరు రాదు."

"చెప్తా. నీ ఎదురుగానే చెప్తా."

రైలు కూత పెట్టి కదిలిపోయింది. తల్లీకూతుళ్ళు స్టేషను మెట్లు దిగి గ్రౌండు వైపు నడిచారు.

సుచిత్ర అప్పుడే పిల్లల్ని పంపించి, బంతులు ఏరి వలసంచిలో వేస్తోంది. ముప్పయ్యేళ్ళు లేవు ఆమెకు. ఒకప్పుడు రాష్ట్రానికి ఆడింది, మోకాలు దెబ్బతిని ఆట మానుకుంది. సుంకమ్మ చెప్పడం మొదలుపెట్టాక ఆమె చేతిలో బంతి చేతిలోనే ఉండిపోయింది. అంతా విన్నాక హరితను అడిగింది.

"వేసవిలో కింద పడిపోయినావే. అది ఎండదెబ్బ గాదా?"

హరిత కాదన్నట్టు తల ఊపింది.

"నేను మొగాన నీళ్ళు చల్లి నీడలో కూచ్చోబెట్టినా. అంతే చేసినా" అంది సుచిత్ర. సుంకమ్మ వైపు తిరిగింది. "ఏమక్కా, నీ బిడ్డను నా చేతుల్లో పెట్టి సగం మాట దాచుకుంటే ఎట్ల? నా కండ్ల ముందర ఆ పిల్లకు ఏమన్నా అయ్యుంటే నేనేం చేద్దును?"

"తప్పేనమ్మా" అంది సుంకమ్మ.

"నాకు రెండు రోజులు టైమియ్యండి. ఇప్పుడు నేనేం చెప్పలేను."

తర్వాతి రైల్లో హరిత కిటికీకి ముఖం ఆనించి ఇంటిదాకా ఏడ్చింది. సుంకమ్మ ఊరుకోబెట్టలేదు. వీపుమీద చేయి వేసి కూర్చుంది.

పుల్లన్నకు హిందూపురం మార్కెట్ యార్డులో హమాలీ పని. చింతపండు మూటలు దింపి, ఎక్కించి, చీకటిపడే వేళకు ఇల్లు చేరతాడు. ఆ సాయంత్రం సంగటి ముద్ద ముందర కూర్చుని భార్య చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"చెప్పేస్తిరా?" అన్నాడు చివరికి.

"చెప్పేస్తిమి."

తిని, చేయి కడుక్కుని బయట అరుగుమీద కూర్చున్నాడు. కోపమో, దిగులో సుంకమ్మకు అర్థం కాలేదు. మరునాడు పని నుంచి వస్తూ అతను ఒక చిన్న నీలంరంగు సంచి తెచ్చాడు. నీళ్ళలో తడిపి పెడితే రెండు రోజులు చల్లగా ఉంటుందట, మందు సీసాలు పెట్టుకునేందుకే చేస్తారట. హిందూపురంలో మందుల షాపులన్నీ తిరిగితే నాలుగోదానిలో దొరికింది.

"ఇంగా పంపిస్తారో లేదో తెలీదే!" అంది సుంకమ్మ.

"పంపినా పంపకపోయినా బిడ్డ మందు ఎండకు పాడుగాదు గదా" అన్నాడు పుల్లన్న. సంచి విప్పి చూపిస్తూ, "ఎవురికి అని అడిగినాడు షాపాయన. నా బిడ్డకు అని చెప్పినా" అన్నాడు.

మూడో రోజు సాయంత్రం ఇంటి ముందు స్కూటీ ఆగింది. సుచిత్ర హెల్మెటు తీసింది. దారి దుమ్మంతా ముఖాన ఉంది. హరిత తలుపు చాటున నిలబడిపోయింది.

"నీళ్ళియ్యక్కా" అంటూ సుచిత్ర చాపమీద కూర్చుంది. తాగి చెంబు పక్కన పెట్టింది. "ఆ పొద్దు నాకు భయమేసి అట్ల మాట్లాడినా. నీ మీద కోపం గాదు. నిన్న మీ డాక్టరు దగ్గర గంటసేపు కూచ్చున్యా. ఆడొచ్చు, పరిగెత్తొచ్చు, ఏమీ తక్కువ గాదు అన్యాడు ఆయన. పక్కనుండే వాళ్ళకు తెలిసుండాల, అంతే అన్యాడు. ఏమే హరితా, ఇట్ల రా. నాకు నేర్పించు."

"ఏం మేడమ్?"

"అంతా. ఆ మిషను ఎట్ల పట్టుకోవాల, నువ్వు వణికితే నేనేం పెట్టాల, ఎంత పెట్టాల."

హరిత మొదట తడబడుతూ చెప్పింది. తర్వాత కోచ్ తప్పుగా పట్టుకుంటుంటే చేయి పట్టి సరిచేసింది. సుచిత్ర తన వేలే చాపి, పొడిపించుకుని, "అబ్బా!" అంటూ చేయి విదిలించింది. హరిత పకపకా నవ్వింది. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.

"రోజుకు ఎన్నిసార్లు ఇది?"

"నాలుగు, ఐదు."

సుచిత్ర వేలు నోట్లో పెట్టుకుని ఆ పిల్లను కాసేపు చూసింది. "సరే. నువ్వు రాంచీకి వస్తాండావు. ఒకటే మాట. జట్టులో అందరికీ తెలియాల. ఎప్పుడు చెప్తావో, ఎట్ల చెప్తావో నీ ఇష్టం. నేను చెప్పను."

"చెప్తా మేడమ్" అంది హరిత. అందే గాని, ప్రయాణం రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున రైలెక్కేటప్పుడు ఈరోజు చెప్తాననేది. సాయంత్రం వచ్చి ఏమీ అనకుండా బూట్లు విప్పుకునేది. సుంకమ్మ అడగడం మానేసింది.

బయలుదేరే ముందురోజు సంచి సర్దారు. మందు సీసాలు సగం హరిత సంచిలో, సగం సుచిత్ర మేడమ్ సంచిలో పోవాలని డాక్టరు చెప్పాడు. నీలం సంచి, సూదులు, మిషను, గ్లూకోజు, బిస్కెట్లు, పైన డాక్టరు కాగితం. ఇవి పోగా మిగిలిన చోటంతా సుంకమ్మ చెనిక్కాయ బెల్లం ఉండలతో నింపింది. పుల్లన్న సంచిని ఒంటిచేత్తో పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఒకసారి ఊపి చూశాడు.

"ఎనిమిది మీద పావు."

"తూకం వేసినట్టే చెప్తాండావే!" అంది సుంకమ్మ.

"ఇరవై ఏండ్లు మూటలు మోసినోణ్ణి. కావాలంటే కొట్టుకాడ తూకం వేయించుకోపో. ఉండలు సగం తియ్యి."

సుంకమ్మ నాలుగు తీసింది. అతను మళ్ళీ ఎత్తి, ఇంకా అన్నాడు. ఇంకో నాలుగు తీసింది. హరిత ఆ తీసినవాటిలో ఒకటి నోట్లో వేసుకుంటూ, "ఇది తింటే సూది లెక్క మారుతాది మా" అని నవ్వింది. చివరికి పుల్లన్న తల ఊపాడు. "ఏడుకు కొంచెం తక్కువే ఉండాది. పో, ఇంగ ఎవురూ ఏమనరు." సంచి కింద పెట్టబోయి, పెట్టకుండా కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

పొద్దున ఆరు గంటలకు మినీబస్సు పెనుకొండ హైవేమీద ఆగింది. సుంకమ్మ క్యాంటీనుకు సెలవు పెట్టి విమానాశ్రయం దాకా వెంట పోయింది. బస్సులో ఇంకో తల్లి కూడా ఉంది, గోల్‌కీపర్ స్పందన తల్లి పద్మావతమ్మ. హిందూపురంలో వాళ్ళకు స్టీలు సామాన్ల అంగడి. స్పందన, హరిత క్యాంపుల్లో ఒకే దుప్పటి కింద పడుకునే స్నేహితులు. ఆ పిల్లకు కూడా ఏమీ తెలియదు.

టికెట్టు లేనివాళ్ళను లోపలికి పోనివ్వరు. ద్వారం దగ్గర హరిత తల్లి చేయి వదిలి సంచి భుజాన తగిలించుకుంది. "మా, పోయొస్తా" అంది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. సుంకమ్మ అద్దాల ఇవతల నిలబడి, నీలం జెర్సీల గుంపు కౌంటరు దాకా పోవడం, పెద్ద బ్యాగులు, కర్రల మూట ఇచ్చేయడం చూసింది. తర్వాత ఏదో మలుపు తిరిగారు. ఇంక కనపడలేదు.

ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది. పద్మావతమ్మ టీ తెచ్చి ఇచ్చినా తాగాలనిపించలేదు. ముప్పావుగంటకు ఫోను మోగింది.

"మా, అయిపోయింది."

"ఏమైంది? తీసేసుకున్యారా?"

"లేదు మా. విను. సుచిత్ర మేడమ్ నాకంటే ముందు ఆ పక్కకు పోయింది, పిల్చినా వినపడలా. ఎనకాల స్పందన ఉండాది. అప్పుడు ఆడుండే పోలీసు మేడమ్ సంచి పెట్టమన్యాది. పెట్టకముందే నేను చెప్పినా మా. ఇంగ్లీషులో చెప్పినా. ఇన్సులిన్ ఉండాది, సూదులు ఉండాయి, నావే అని."

"అందరి ముందర్నా?"

"అందరి ముందర్నే. కాగితం చూపిచ్చినా. ఆయమ్మ చదివింది. సంచి మెషిన్లో పెట్టి, పక్కకు తీసి, అన్నీ చూసింది. మళ్ళ అన్నీ తనే సర్ది, జిప్పు ఏసి, చేతికిచ్చింది. అంతే మా. రెండు నిమిషాలు గూడా పట్టలా."

సుంకమ్మ కమ్మీ వదిలేసి అక్కడే మెట్టుమీద కూర్చుంది. "పిల్లోళ్ళు ఏమన్యారు?"

"స్పందనకు కోపంగా ఉండాది. మాట్లాడ్తా లేదు."

అంతలో ఫోను ఎవరో లాక్కున్న చప్పుడు. "ఆంటీ, నేను స్పందన! మూడేండ్లు! ఇది నా పక్కనే పడుకుంటాది. ఒక్క మాట చెప్పలా! ఆ పొద్దు కింద పడితే ఎండదెబ్బ అనింది. నేను ఇసనకర్ర తెచ్చి ఇసిరినా ఆంటీ. ఇసిరితే ఏం లాభం? గ్లూకోజు పెట్టాల్సింది గదా!" ఆ పిల్ల ఏడుస్తోంది.

"తప్పు దానిది గాదు పాపా" అంది సుంకమ్మ. "నాది. నేనే ఒట్టు పెట్టించినా, చెప్పొద్దని. దాని మీద కోపం పెట్టుకోవద్దు."

ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది. "ఆ బిళ్ళలు సగం నా కాడ పెట్టుకుంటాండా ఆంటీ. ఆటలో నేను గోలు కాడ్నే ఉంటా గదా, పక్కనే బాటిల్లో పెట్టుకుంటా. ఇది అడిగినా అడగకపోయినా ఇస్తా." ఆ తర్వాత ఎవరో విమానం పిలుస్తున్నారని అరిచారు, ఫోను ఆగిపోయింది.

తిరుగుప్రయాణంలో ఖాళీ మినీబస్సులో ఇద్దరు తల్లులే మిగిలారు. చిక్కబళ్ళాపురం దాటాక పద్మావతమ్మ అడిగింది. "ఏమ్మా, మా పాప ఏమిటికి ఏడ్చింది ఫోన్లో? ఏమైంది?"

సుంకమ్మ ఒక్క క్షణం అలవాటుగా మాట మార్చబోయింది. తర్వాత చీర చెంగు సవరించుకుని, డ్రైవరుకు కూడా వినిపించేంత గొంతుతోనే చెప్పింది. "నా బిడ్డకు చక్కెర జబ్బు. మూడేండ్లుగా ఇన్సులిన్ ఏసుకుంటాది. ఎవురికీ చెప్పకుండా పెట్టినాం. ఈ పొద్దు చెప్పింది."

"అయ్యో, షుగరేనా! సుమ్నే, ఊరికే ఏమిటికి భయపడితివి? మా ఇంట్లో మా మామకు, మా ఆయనకు, ఇద్దరికీ ఉండాది. కాకరకాయ రసం తాపు, తగ్గిపోతాది."

సుంకమ్మకు నవ్వొచ్చింది. "ఇది అది గాదక్కా. పిల్లోళ్ళకు వచ్చేది ఏరే. కాకరకాయకు పోదు" అని మొదలుపెట్టింది. ఒంట్లో ఏది తయారుకాదో, సూది ఎందుకో, చేతులు వణికితే ఏమివ్వాలో, డాక్టర్లు తనకు చెప్పిందంతా చెప్పుకుంటూ పోయింది. ఇంతసేపు ఈ సంగతి గురించి ఎవరితోనైనా మాట్లాడడం ఆమెకు ఇదే మొదలు. పద్మావతమ్మ నోరు తెరుచుకుని వింది, మధ్యమధ్యలో మళ్ళీ చెప్పమని అడిగింది. పెనుకొండ కొండ కనిపించేవేళకు సుంకమ్మకు గొంతు ఆరిపోయింది.

రాంచీలో జట్టు సెమీఫైనల్లో ఓడిపోయింది. ఓడిపోయిన ఆటలో ఒక గోలు హరితదే. అంతకుముందు రోజు ఒక మ్యాచిలో సగంలో చేతులు వణికి బయటికి వచ్చేసి, స్పందన విసిరిన బిళ్ళలు నమిలి, పావుగంట కూర్చుని, మళ్ళీ దిగి ఆడిందట. ఈ కబుర్లన్నీ సుంకమ్మకు ఒకే ఫోనులో తెలిశాయి. క్యాంటీన్లో అప్పుడే అన్నం వార్చి, చెమట తుడుచుకుంటూ వెనక గుమ్మంలో నిలబడి వింది.

"సరేలే, ఓడితే ఓడినారు. తిన్యావా?"

"ఇంగా లేదు. టెస్టు చేసుకుని తినాల. ఉండు మా."

అవతల పిల్లల గోల. ఎవరో "ఎంతే? షుగరు ఎంతుండాది?" అని అరుస్తున్నారు. ఇంకెవరో "నూట అరవై ఉంటాది చూడు" అంటున్నారు. "లేదు, నూటపది" అంటోంది మరో గొంతు. అందరూ మిషను చుట్టూ మూగినట్టున్నారు.

"జరగండే, గాలి రానియ్యండి!" హరిత కేక. తర్వాత అంతకన్నా పెద్దగా, ఆ గదంతా వినపడేట్టు, "నూట ఇరవై ఎనిమిది!" అంది.

పిల్లలంతా కేకలు పెట్టారు. సుంకమ్మ ఫోను చెవికి ఇంకొంచెం గట్టిగా ఆనించుకుని, ఆ కేకలు సద్దుమణిగేదాకా వింటూ నిలబడింది.